చెరకు నరికిన వాళ్ళ రక్తంలో చక్కెర

తెలుగులో ఈ జబ్బుకి పేర్లకేం కొదవలేదు. మధుమేహం ఉంది, చక్కెర వ్యాధి ఉంది, ఇంకాస్త వెనక్కి వెళ్తే అతిమూత్రం ఉంది. కానీ ఇవాళ కరీంనగర్ నుంచి కాకినాడ దాకా ఏ ఇంట్లో విన్నా ఒకటే మాట: "ఆయనకి షుగరుంది." ఎంత మామూలు మాట అయిపోయిందంటే, ఈ షుగరుకీ, అసలు చక్కెరకీ, ఆ చక్కెర పండే చెరకుకీ ఒక చరిత్ర ఉందన్న ఆలోచనే రాదు. "ఇండియన్స్‌కి షుగర్ ఎక్కువండీ, మన జీన్స్‌లోనే ఉంది" అని డాక్టర్లూ, వాట్సాప్ పెద్దలూ ఒకే ధీమాతో చెప్తుంటారు. ఆ "ఇండియన్స్" అనే గడిని ఎవరు గీశారు, ఏ దేశంలో గీశారు, పక్క గడిలో ఎవరిని కూర్చోబెట్టారు అని అడిగితే కథ చాలావరకు చెరకు తోటల్లోకే వెళ్తుంది.

బ్రిటిష్ సామ్రాజ్యంలో బానిసత్వం రద్దు చట్టం 1833లో వచ్చింది. బానిసలు పోయారు గానీ తోటలు అలాగే ఉన్నాయి, లండన్‌లో టీలోకి చక్కెర కావాలి. 1834 నుంచి మారిషస్‌కి భారతీయ ఒప్పంద కూలీలు బయల్దేరారు. తర్వాత ట్రినిడాడ్, గయానా, నేటాల్, ఫిజీ. మొత్తం మీద మారిషస్‌కి దాదాపు నాలుగున్నర లక్షలు, ట్రినిడాడ్‌కి లక్షా నలభై వేల పైన, నేటాల్‌కి లక్షా యాభై రెండు వేలు, ఫిజీకి అరవై వేలు. మన వాళ్ళూ తక్కువేం లేరు. గుంటూరు ప్రాంతాన్ని తుడిచిపెట్టిన నందన కరువు 1832-33లో వచ్చింది. 1839లో తుఫాను కోరంగి రేవుని ముంచేసింది. మారిషస్‌లో తెలుగు వాళ్ళని ఆ రేవు పేరుతోనే కోరంగీలు అని పిలిచేవాళ్ళు. బర్మాలోనూ అదే పేరు. 1860 నవంబర్లో డర్బన్ చేరిన మొదటి ఓడ 'ట్రూరో' మద్రాసు నుంచే వెళ్ళింది. నేటాల్ వెళ్ళిన వాళ్ళలో దాదాపు మూడింట రెండొంతులు మద్రాసు రేవు మీదుగా వెళ్ళినవాళ్ళు, అందులో విశాఖపట్నం, గంజాం, ఉత్తర ఆర్కాటు జిల్లాల వాళ్ళు చాలామంది.

ఓడ ఎక్కించే ముందు వాళ్ళకి వైద్య పరీక్ష ఉండేది. చెరకు నరకగలరా లేదా అన్నదే ఆ పరీక్ష ఉద్దేశం. వయసులో ఉన్నవాళ్ళు, ఒళ్ళు గట్టిగా ఉన్నవాళ్ళు. రేషన్‌గా బియ్యం, పప్పు, నూనె, ఉప్పు, ఎండుచేప. వాళ్ళని చంపిన జబ్బులు వేరు: మలేరియా, విరేచనాలు, క్షయ. తోట యజమానులకి కూలీల ఒంట్లో చక్కెర సమస్యే కాదు, వాళ్ళకి సమస్యల్లా గోతాల్లో చక్కెర తగ్గడం.

అప్పటికి ఇండియాలో ఈ జబ్బు తెలియదని కాదు. చీమలు పట్టే మూత్రం గురించి సుశ్రుతుడి కాలానికే తెలుసు, ఒళ్ళు కదలకుండా బాగా తినేవాళ్ళ జబ్బు అనే గుర్తింపూ ఉంది. 1907లో బ్రిటిష్ మెడికల్ అసోసియేషన్ సమావేశంలో ఉష్ణదేశాల్లో మధుమేహం మీద పెద్ద చర్చే జరిగింది. అందులో కలకత్తా డాక్టర్లు చెప్పింది కూడా దగ్గర దగ్గర అదే: కుర్చీలో కూర్చుని పనిచేసే, డబ్బున్న, చదువుకున్న బెంగాలీ బాబుల జబ్బు ఇది. పొలంలో చెమటోడ్చే వాడి జబ్బు కాదు. అంటే 1907లో మధుమేహానికి వర్గం ఉంది. జాతి ఇంకా పూర్తిగా అంటుకోలేదు.

అంటుకుంది మాత్రం వేరే వాళ్ళకి. అదే కాలంలో జర్మనీలో, తర్వాత అమెరికాలో, మధుమేహం అంటే యూదుల జబ్బు. యూదుల నరాలు బలహీనం, మేనరికాలు ఎక్కువ, తిండి ఎక్కువ, ఆందోళన ఎక్కువ అంటూ రకరకాల కారణాలు కట్టారు. చరిత్రకారిణి ఆర్లీన్ టక్‌మన్ అమెరికాలో మధుమేహానికి జాతి ముద్ర ఎలా పడుతూ వచ్చిందో ఒక పుస్తకమే రాశారు (2020లో వచ్చింది). ఆ ముద్ర యూదుల మీంచి జారి అమెరికన్ ఆదివాసుల మీదికి, నల్లవాళ్ళ మీదికి పోయింది. ఇవాళ ఎవరూ మధుమేహాన్ని యూదుల జబ్బు అనరు. ఆ వందేళ్ళలో యూదుల జన్యువులేం మారిపోలేదు కదా. ఈ సంగతి గుర్తుపెట్టుకుని డర్బన్ వెళ్దాం.

డర్బన్‌లో 1936లో కింగ్ ఎడ్వర్డ్ VIII ఆసుపత్రి కట్టారు, ఆఫ్రికన్లకీ భారతీయులకీ. తెల్లవాళ్ళకి వేరే ఆసుపత్రులు. అక్కడ జి.డి. క్యాంప్‌బెల్ అనే డాక్టర్ మధుమేహ క్లినిక్ నడిపేవాడు. ఒకే క్యూలో జూలూలూ, చెరకు కూలీల మనవలూ. ఆయన గమనించినవి రెండు. మొదటిది: పల్లె నుంచి నగరానికి వచ్చిన జూలూలకి జబ్బు వెంటనే రాదు, సుమారు ఇరవై ఏళ్ళ నగర జీవితం తర్వాత బయటపడుతుంది. రెండోది: నేటాల్ భారతీయుల్లో జబ్బు విపరీతంగా ఉంది, ఇండియాలో ఉన్న వాళ్ళ బంధువుల్లో అంత లేదు. తేడా ఎక్కడుందని వెతికితే ఆయనకి చక్కెర కనపడింది. చక్కెర పండించే నేటాల్‌లో చక్కెర చవక, పేద ఇంట్లో కూడా ఇండియాతో పోలిస్తే ఎన్నో రెట్లు తినేవాళ్ళు. బ్రిటిష్ నౌకాదళంలో డాక్టరుగా పనిచేసిన టి.ఎల్. క్లీవ్‌తో కలిసి ఆయన 1966లో ఒక పుస్తకం వేశాడు. మధుమేహం, గుండెజబ్బు, ఇంకా అలాంటివన్నీ కలిపి ఒకే జబ్బనీ, దాని పేరు 'చక్కెర జబ్బు' అనీ వాళ్ళ వాదన. అన్నిటికీ ఒకే విలన్ అంటే ఇప్పటి శాస్త్రం ఒప్పుకోదు. కానీ క్యాంప్‌బెల్ చూపు నాకు నచ్చుతుంది. ఆయన మనుషుల ఒంట్లోకి చూస్తూనే, వాళ్ళు ఎక్కడ ఉంటున్నారో, ఎన్నేళ్ళుగా ఉంటున్నారో, ఏం కొంటున్నారో కూడా చూశాడు.

ఆయన పుస్తకంతో సంబంధం లేకుండా నాకు కనపడే ఇంకో సంగతి: సరిగ్గా అవే సంవత్సరాల్లో డర్బన్ భారతీయులని గ్రూప్ ఏరియాస్ చట్టం (1950) కింద పాత ఇళ్ళ నుంచి ఖాళీ చేయించి చాట్స్‌వర్త్ లాంటి కాలనీల్లోకి తోశారు. కూలీ ఒప్పందాలు తీరాక ఊరి అంచుల్లో కూరగాయలు పండించి, తట్టల్లో పెట్టి అమ్ముకుని బతికిన కుటుంబాలవి. మళ్ళు పోయాయి, నడక పోయింది, బస్సెక్కి ఫ్యాక్టరీకి వెళ్ళే జీవితం వచ్చింది. వైద్య పట్టికలో ఇదంతా "ఇండియన్" అనే ఒక్క గడిలో సర్దుకుపోయింది.

ఈ గడుల సంగతి కాస్త ఆగి చూడాలి. వలస పాలనలో ఆసుపత్రి రిజిస్టరు, జైలు రిజిస్టరు, జనన మరణాల లెక్క, అన్నీ జాతుల వారీగా రాసేవాళ్ళు. అందుకే తర్వాత వచ్చిన డాక్టర్లకి జాతుల పోలిక అంత సులువైంది. సింగపూర్లో డానరాజ్, ఆయన సహచరులు 1950ల మొదట్లో జరిగిన తొమ్మిది వేలకు పైగా శవపరీక్షల రికార్డులు తిరగేసి 1959లో ఒక వ్యాసం అచ్చేశారు. చైనీయుల కంటే భారతీయుల్లో గుండె రక్తనాళాల జబ్బు ఎన్నో రెట్లు ఎక్కువ. అక్కడి భారతీయుల్లో ఎక్కువమంది దక్షిణాది వాళ్ళు, కొందరు తెలుగు వాళ్ళు కూడా. ఇక్కడ రిజిస్టర్లో చైనీస్, మలయ్, ఇండియన్ అని మూడు గడులున్నాయి కాబట్టి ఈ తేడా కనపడింది. ఓడరేవు కూలీ, గుమాస్తా, వడ్డీ వ్యాపారి అనే గడులు ఉండుంటే ఇంకేం కనపడేదో!

ఫిజీలో 1980లో పాల్ జిమెట్ బృందం సర్వే చేసింది. స్థానిక మెలనేషియన్లలో పల్లెల్లో మధుమేహం చాలా తక్కువ, పట్నంలో అంతకు కొన్ని రెట్లు. భారతీయుల్లో మాత్రం పల్లె, పట్నం తేడా దాదాపు లేదు, రెండుచోట్లా నూటికి పదకొండు పన్నెండు మంది. "చూశారా, ఇండియన్ ఎక్కడున్నా ఇండియనే" అనిపించే లెక్క ఇది. చాలామందికి అలాగే అనిపించింది కూడా. జన్యువుల వాదానికి ఇంతకంటే మంచి సాక్ష్యం ఏం కావాలి?

ఆ ధీమాని మారిషస్ కాస్త కదిపింది. 1987లో అక్కడ పెద్ద సర్వే. ఆ దీవిలో హిందువులున్నారు, ముస్లింలున్నారు (వీళ్ళిద్దరి ముత్తాతలూ ఇండియా నుంచే), ఆఫ్రికా మూలాలున్న క్రియోల్ జనం ఉన్నారు, చైనీయులున్నారు. భారతీయుల్లో మధుమేహం ఎక్కువ ఉంటుందని అందరూ అనుకున్నదే, ఉంది కూడా. కానీ మిగతా వాళ్ళలోనూ ఉంది! నాలుగు గుంపుల్లోనూ నూటికి పది నుంచి పదమూడు మధ్యలోనే. ఆ రోజుల్లో చైనాలో మధుమేహం అరుదైన జబ్బు. మరి మారిషస్ చైనీయుడికి ఎక్కడి నుంచి వచ్చింది? నాలుగు గుంపుల రక్తం ఒకే దీవిలో, ఒకే చక్కెర ఆర్థిక వ్యవస్థలో, ఒకే రేషన్ తింటూ ఒకే అంకె దగ్గరికి చేరింది. ఈ సర్వే గురించి మన దగ్గర ఎందుకో పెద్దగా మాట్లాడరు.

రేషన్ అన్నాను కదా. మారిషస్ ప్రభుత్వం అదే 1987లో రేషన్ వంటనూనెని పామాయిల్ నుంచి దాదాపుగా సోయా నూనెకి మార్చింది. (ఎనభైల్లో మన రేషన్ షాపుల ముందు పామాయిల్ క్యూలు చూసిన వాళ్ళకి ఈ వాక్యం ఇంకో రకంగా తగులుతుంది.) ఐదేళ్ళ తర్వాత మళ్ళీ సర్వే చేస్తే దేశం మొత్తం మీద సగటు కొలెస్ట్రాల్ బాగా తగ్గింది. మధుమేహం తగ్గలేదు, అది వేరే సంగతి. కానీ జనం రక్తంలో ఉన్న ఒక అంకెని మార్చడానికి ప్రభుత్వానికి జాతితో పని పడలేదు, నూనె డబ్బాతో పడింది.

ఇంగ్లండులో కథ ఇంకోలా నడిచింది. అక్కడికి వెళ్ళినవాళ్ళు చెరకు కూలీలు కారు. యుద్ధం తర్వాత ఫౌండ్రీలకీ, బట్టల మిల్లులకీ వెళ్ళిన పంజాబీలు, మీర్‌పూరీలు, సిల్హెటీలు, ఆ తర్వాత తూర్పు ఆఫ్రికా నుంచి వచ్చిన గుజరాతీలు. అప్పట్లో అక్కడ మరణ ధ్రువపత్రంలో జాతి రాసేవాళ్ళు కాదు, పుట్టిన దేశం రాసేవాళ్ళు. అందుకని "ఇండియాలో పుట్టినవారు" అని తీస్తే దొరల కాలంలో ఊటీలోనో వాల్తేరులోనో పుట్టిన తెల్లవాళ్ళు కూడా లెక్కలోకి వచ్చేవాళ్ళు. పరిశోధకులు పేర్లు చూసి విడదీయాల్సి వచ్చింది. పేరు చూసి జాతి తేల్చడం! మనకి కొత్తేం కాదనుకోండి.

ఇలా 1970ల మరణాల లెక్కలు తీస్తే, భారత ఉపఖండం వాళ్ళు గుండెజబ్బుతో ఎక్కువగా చనిపోతున్నారని తేలింది. మొదట నెయ్యిని తిట్టారు. కానీ ఈ గుంపులో మాంసం ముట్టని గుజరాతీ ఉన్నాడు, సిగరెట్ ముట్టని సిక్కు ఉన్నాడు, చేప లేకపోతే ముద్ద దిగని సిల్హెటీ ఉన్నాడు. ఒకరి వంట ఒకరికి పడదు. 1991లో పాల్ మెకీగ్, బేలా షా, మైకేల్ మార్మట్ పశ్చిమ లండన్‌లోని సౌతాల్ చుట్టుపక్కల మూడు వేల ఏడొందల మంది నడివయసు వాళ్ళని పరీక్షించి ప్రచురించారు. ఉపఖండం వాళ్ళలో నూటికి పంతొమ్మిది మందికి మధుమేహం, యూరోపియన్లలో నలుగురికి. బరువు చూస్తే పెద్ద తేడా లేదు, తేడా అంతా నడుము చుట్టూ ఉంది. పొట్ట, దాంతోపాటు ఇన్సులిన్ సరిగా పనిచేయకపోవడం. "సౌత్ ఏషియన్" అనే మాట వైద్య పరిశోధనలో స్థిరపడడంలో ఇలాంటి అధ్యయనాల పాత్ర పెద్దది. ఇంటి దగ్గర ఒకరి నీడ ఒకరు తొక్కని వాళ్ళు లండన్ పట్టికలో ఒకే వరసలో నిలబడ్డారు.

ఆ వరసని మళ్ళీ విడగొట్టింది రాజ్ భోపాల్ బృందం. 1999లో న్యూకాజిల్ నుంచి వచ్చిన వాళ్ళ వ్యాసంలో భారతీయులు, పాకిస్తానీలు, బంగ్లాదేశీయులు మూడు వేర్వేరు గడుల్లో ఉన్నారు, అంకెలూ వేరుగానే ఉన్నాయి. చాలా ప్రమాదాల్లో బంగ్లాదేశీయులది అధ్వాన్న స్థితి, వాళ్ళ మగవాళ్ళలో పొగతాగడం చాలా ఎక్కువ. డబ్బు విషయంలో కూడా అందరికంటే అడుగున ఉన్నది వాళ్ళే. భారతీయులు చాలా విషయాల్లో కాస్త మెరుగు. కలిపి సగటు తీస్తే ఇద్దరికీ వర్తించని అంకె ఒకటి వస్తుంది.

సరే, ఇంతకీ ఒంట్లో ఏమీ లేదా? అంతా రిజిస్టర్లు గీసిన గీతలేనా? కాదు. సౌతాల్ నడుముల్ని కాదనలేం.

1962లో అమెరికన్ జన్యుశాస్త్రవేత్త జేమ్స్ నీల్ ఒక ఊహ చేశాడు. కరువుల్లో బతికి బట్టకట్టడానికి పనికొచ్చిన 'పొదుపు' జన్యువులు, తిండి దొరికే కాలంలో మధుమేహంగా మారతాయేమోనని. మనకి ఈ మాట వెంటనే నచ్చుతుంది. నందన కరువు, 1876 నాటి ధాత కరువు మన ముత్తవ్వల జ్ఞాపకాల్లో ఉన్నాయి కదా. కాకపోతే కరువు మన సొత్తేం కాదు. ఐర్లండ్‌కీ వచ్చింది, ఫిన్లండ్‌కీ వచ్చింది. ఐదారు తరాల్లో జన్యువులు అంతలా మారిపోతాయని నమ్మడమూ కష్టం.

నాకు ఎక్కువ నమ్మకం కలిగించే దారి ఇంగ్లండులోని హెర్ట్‌ఫర్డ్‌షైర్ నుంచి మొదలవుతుంది. 1911 తర్వాత అక్కడ పుట్టిన ప్రతి బిడ్డ బరువూ రిజిస్టర్లో రాసిపెట్టారు. హేల్స్, బార్కర్ అనే ఇద్దరు ఆ మగపిల్లల్ని ముసలివాళ్ళయ్యాక పట్టుకుని పరీక్షిస్తే, తక్కువ బరువుతో పుట్టినవాళ్ళలోనే మధుమేహం ఎక్కువగా కనపడింది. అందరూ ఇంగ్లీషువాళ్ళే. కడుపులో ఉన్నప్పుడు చాలీచాలని తిండితో పెరిగిన ఒళ్ళు, ఆ లేమికి తగ్గట్టే తయారవుతుందని 1992లో వాళ్ళు ప్రతిపాదించారు. అప్పుడు పుణెలో చిత్తరంజన్ యాజ్ఞిక్ పల్లెటూరి తల్లుల్ని, పిల్లల్ని కొలవడం మొదలుపెట్టాడు. అక్కడి బిడ్డల సగటు బరువు 2.7 కిలోలు, సౌతాంప్టన్ బిడ్డలది 3.5. కండ తక్కువ, కాలేయం చిన్నది, కానీ చర్మం కింద కొవ్వు మాత్రం అంత తగ్గలేదు. బక్కగా ఉన్న లావు బిడ్డలు.

యాజ్ఞిక్‌కి సరదా కూడా ఉంది. 2004లో లాన్సెట్‌లో తనదీ, తన ఇంగ్లీషు మిత్రుడు యుడ్‌కిన్‌దీ ఒక ఫొటో వేశాడు. ఇద్దరి బీఎంఐ ఒకటే, 22.3. యుడ్‌కిన్ ఒంట్లో కొవ్వు 9.1 శాతం, యాజ్ఞిక్ ఒంట్లో 21.2. ఇద్దరూ చూడ్డానికి సన్నగానే ఉంటారు. అదే ఏడాది ప్రపంచ ఆరోగ్య సంస్థ నిపుణుల బృందం ఆసియా జనాభాకి 25 కాకుండా 23 దగ్గరే జాగ్రత్తపడొచ్చని సూచించింది. ఇప్పుడు మన క్లినిక్ గోడల మీద కనిపించే 23 అదే.

అంటే తేడా నిజం. కానీ ఆ తేడాలో కొంత, ఎంతో నేను చెప్పలేను గానీ, తల్లి కంచంలో తయారైంది. ఆ తల్లి కంచం ఎందుకు అలా ఉందో చెప్పడానికి జన్యుశాస్త్రం కంటే జిల్లా గెజిటీర్లు ఎక్కువ పనికొస్తాయి.

ఈలోగా ప్రవాసుల జబ్బు అనుకున్నది ఇంటికి వచ్చేసింది. 2000లో ఆరు పెద్ద నగరాల్లో జరిగిన సర్వేలో అందరికంటే పైన హైదరాబాద్, 16.6 శాతం. ఏ సముద్రమూ దాటని మనుషులు వీళ్ళు. మహా అయితే నల్గొండ నుంచో మెదక్ నుంచో బస్సెక్కారు.

ఆ బస్సునే పట్టుకుంది 2010లో ఫలితాలు వచ్చిన ఇండియన్ మైగ్రేషన్ స్టడీ. లక్నో, నాగ్‌పూర్, హైదరాబాద్, బెంగళూరు ఫ్యాక్టరీల్లో పల్లె నుంచి వచ్చి చేరిన కార్మికుల్నీ వాళ్ళ భార్యల్నీ తీసుకున్నారు. పల్లెలో ఉండిపోయిన వాళ్ళ తోబుట్టువుల్నీ పిలిపించారు. ఒకే అమ్మానాన్నలు, ఒకే ఇల్లు, ఒకే కంచం, ఒకే జన్యువుల సంచి. మగవాళ్ళలో మధుమేహం పల్లెలో 6.2 శాతం, పట్నంలోనే పుట్టి పెరిగిన వాళ్ళలో 13.5, పల్లె నుంచి వచ్చినవాళ్ళలో 14.3. డర్బన్‌లో జాతుల మధ్య, లండన్‌లో ఖండాల మధ్య వెతికిన తేడా ఇక్కడ అన్నదమ్ముల మధ్య దొరికింది. అదే అధ్యయనం నుంచి మరుసటి ఏడాది ఇంకో వ్యాసం వచ్చింది, పట్నంలో గడిపిన ఏళ్ళని లెక్కేసి. ఒంట్లో కొవ్వు మొదటి పదేళ్ళలోనే గబగబా పెరిగిపోయింది. బీపీ, ఇన్సులిన్ మాత్రం ఆ తర్వాతి దశాబ్దాల్లో మెల్లగా పైకి పాకాయి. జూలూలకి ఇరవై ఏళ్ళు పడుతుందని క్యాంప్‌బెల్ డర్బన్‌లో చెప్పి అప్పటికి నలభై ఏళ్ళు దాటింది.